కన్నును చెవినియు కాపాడుకొందము

నాడె అరిగినచో మార్చుకొందుము. పలక విరిగినచో వడ్రంగికి చూపుదుము. తెగిన పోగును పట్టు కన్ను, మగ్గపు చప్పుడులో తేడాను పసిగట్టు చెవి చెడినచో క్రొత్తవి దొరకవు. అయినను "అదే పోవునులే" యని ఊరుకొనుట మన యిండ్లలో వాడుక. ఏ బాధ ఇంట కుదురునో, ఏది ఒక్క దినమైనను ఆగరాదో తెలియుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కన్ను

బెంగళూరుకు తూర్పున నున్న వర్తూరు చెరువు సంగతి మనవారిలో పలువురెరుగుదురు. బెళ్లందూరు చెరువు మీదుగా వచ్చిన మురుగులోని సబ్బు పదార్థములు 2015లో అక్కడ నురుగై లేచి, గాలికి బాటపై బడినవి. అట్టి నురుగు కంటికి తగిలిన మంట కలుగును. మన రంగుల బానలలోని కాస్టిక్ సోడా అంతకంటె ప్రమాదము. అది క్షణక్షణము కంటి లోనికి దిగుచుండును. కావున వైద్యుని వెదకుటకు ముందే రెప్పలు విప్పి, శుభ్రమైన నీటిధారతో 20 నిమిషములు కడుగవలెను. ఆ పిమ్మటనే ఆసుపత్రికి పోవలెను.

కండ్లకలక సాధారణముగా ఒకటి రెండు వారములలో తగ్గును. తువాలు, దిండు వేరుగా నుంచి, చేతులు తరచు కడుగుకొన్న చాలును. కాని కంటిలో పోటు, చూపు మసక, వెలుగు చూడలేకపోవుట, నల్లగ్రుడ్డుపై తెల్లమచ్చ కనబడినచో అది ఉత్త కలక కాదు, పుండు కావచ్చును. ఆనాడే చూపించవలెను. ఆకుపసరు, చనుబాలు పోయరాదు. దుకాణములో నడిగి చుక్కల మందు వేయరాదు. అందు స్టెరాయిడు ఉన్నచో ఎరుపు తగ్గినట్లు కనబడి, పుండు ముదురును.

నలువది యేండ్లు దాటినవారికి దగ్గరి పోగు కనబడనిచో అది చత్వారము. కండ్లజోడుతో సరిపోవును. జోడు పెట్టిన చూపు మరింత తగ్గునన్నమాట నిజము కాదు.

చెవి

మరమగ్గముల షెడ్డులో చేయి చాపినంత దూరములోని మనిషితో మాటాడుటకు గొంతు హెచ్చింపవలసి వచ్చినచో, అచటి రొద 85 డెసిబెల్సు దాటినదని యెంచవచ్చును. దినమునకు 8 గంటల చొప్పున ఏండ్ల తరబడి ఆ రొదలో నున్నచో లోచెవిలోని సున్నితమైన కణములు నశించును; మరల పుట్టవు. నొప్పి యుండదు, అదే మోసము. పని దిగిన పిమ్మట చెవిలో హోరు, పిల్లల మాటలు స్పష్టముగా తెలియకుండుట మొదటి గుర్తులు. అప్పటికైనను వినికిడి పరీక్ష చేయించి, చెవి బిరడాలు వాడవలెను. ఉత్త దూది చాలదు. ఉయ్యాలలోని బిడ్డను మగ్గముల ప్రక్కన పరుండబెట్టరాదు.

చీము కారు చెవిలో కాచిన నూనె పోయరాదు. నీరు చేరనీయక పొడిగా నుంచి వైద్యునికి చూపవలెను. ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోయినచో ఆనాడో మరునాడో ఆసుపత్రికి చేరవలెను. ఆలస్యమైన కొలది వినికిడి తిరిగి వచ్చు ఆశ తగ్గును.

ముక్కు, గొంతు

నూలు ధూళి వలన తుమ్ములు, ముక్కుదిబ్బడ వచ్చువారు మూతికి గుడ్డ కట్టుకొని, నేలను చీపురుతో గాక తడిగుడ్డతో తుడువవలెను. ముక్కున నెత్తురు కారిన తల వెనుకకు వాల్చక, ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగమును 10 నుండి 15 నిమిషములు వదలక నొక్కవలెను. ఆగనిచో ఆసుపత్రికి పోవలెను.

జలుబుతో వచ్చిన గొంతునొప్పి వారములో పోవును. పిల్లలకు జ్వరముతో గొంతు వాచి, టాన్సిల్సుపై తెల్లని మచ్చలు వచ్చిన వైద్యుని కడకు తీసికొని పోవలెను. స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవి వలనైనచో, ఉపేక్షించిన కొందరికి కీళ్ళజ్వరము వచ్చి గుండె కవాటములు చెడును. ఇచ్చిన మందు పూర్తిగా వాడవలెను. మూడు వారములు దాటిన బొంగురును, ముఖ్యముగా బీడీ, పొగాకు అలవాటున్నవారు, తప్పక చూపించుకొనవలెను.

బెంగళూరులో కంటికి 1896లో ఆరంభమైన మింటో ఆసుపత్రియు, చెవి, ముక్కు, గొంతులకు విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోని విభాగమును గలవు. రెండును ప్రభుత్వమువే. ఒక పూట కూలి పోవునని వెనుదీయువారికి మా మనవి యొక్కటే: పోయిన కూలి మరునాడు వచ్చును, పోయిన వినికిడి రాదు.