గీజర్ మొండికేస్తే...

కార్తీకమాసం వచ్చిందంటే మా లాల్‌దర్వాజా గల్లీలో తెల్లవారుజామున నాలుగింటికే బాత్‌రూమ్ లైట్లు వెలుగుతాయి. తలస్నానాలు, తులసికోట దగ్గర దీపాలు, ఆ వెనకే పిల్లల బడి హడావిడి. సరిగ్గా ఆ వేళే చూసుకుని గీజర్ మొండికేస్తుంది. స్విచ్ వేసి ముప్పావుగంటైనా నీళ్లు గోరువెచ్చగా కూడా కావు. లేదంటే నల్లా తిప్పగానే బుసబుసమంటూ ఆవిరి!

మా ఇంట్లో జరిగింది రెండోది. అంతకు వారం ముందు నీళ్లు కాగడం లేదని ఓ కుర్ర మెకానిక్‌ని పిలిపించాం. పది నిమిషాల్లో పని ముగించేశాడు. "థర్మోస్టాట్ పోయింది మేడమ్, డైరెక్ట్ చేసేసిన. ఇగ ఫికర్ లేదు" అన్నాడు. నీళ్లు భలే కాగుతున్నాయని నేనూ మురిసిపోయాను. వారం తిరగకుండానే మా అత్తమ్మ చెంబు కింద చెయ్యి పెట్టి నల్లా తిప్పింది. "ఇవి నీళ్లు కావమ్మా, నిప్పులు!" అని ఆమె కేక వేస్తే వంటింట్లోంచి పరుగెత్తాను. మణికట్టు దాకా బొబ్బలు. అవి మానడానికి మూడు వారాలు పట్టింది.

తర్వాత వచ్చి చూసినాయన మా పక్క గల్లీలో ఉండే పెద్ద వయసు ఎలక్ట్రీషియన్. మేమంతా చాచా అంటాం. ఆయన గీజర్ మూత విప్పలేదు, స్క్రూడ్రైవర్ తియ్యలేదు. "ఎర్ర లైటు ఆర్తలేదా బేటీ?" అని ఒక్క మాట అడిగాడు. అవును, ఆ వారమంతా అది ఆరనే లేదు! నాకు తట్టలేదు.

ఆ ఎర్ర దీపం సంగతి తెలియాలంటే గీజర్ లోపల ఏముందో కాస్త తెలియాలి. భయపడకండి, వంటింటి కుక్కర్ కంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. నీళ్ల ట్యాంకు, దానిలో మునిగి ఉండే కాయిల్, నీళ్ల వేడిని కనిపెట్టే థర్మోస్టాట్. కొన్నింట్లో ఇది ఇత్తడి గొట్టంలో కడ్డీలా ఉంటుంది, కొన్నింట్లో ద్రవం నింపిన సన్నటి రాగి గొట్టంలా ఉంటుంది. వేడికి ఇత్తడి సాగినా, ద్రవం ఉబ్బినా లోపలి స్విచ్ విడిపోయి కాయిల్‌కి కరెంటు ఆగుతుంది, దీపం ఆరుతుంది. నీళ్లు చల్లారితే మళ్లీ అంటుకుంటుంది. థర్మోస్టాట్ మొరాయిస్తే ఆదుకోవడానికి కటౌట్ అని ఇంకో కాపలాదారు కూడా ఉంటుంది. నీళ్లు మరీ మరిగే దాకా పోతే అది మొత్తం కరెంటునే తెంచేస్తుంది. మా కుర్రాడు ఈ ఇద్దరు కాపలాదార్లనీ పక్కకు నెట్టి కరెంటు తీగల్ని సూటిగా కాయిల్‌కి కలిపేశాడన్నమాట. దాన్నే వాళ్ల భాషలో 'డైరెక్ట్' అంటారు.

కాబట్టి మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు మీరే ఓ గడియారం పట్టుకుని నిలబడండి. మామూలు 2000 వాట్ల కాయిల్ 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి దాదాపు 18 నిమిషాలు, 25 లీటర్లకైతే అరగంట పడుతుంది. ఆ తర్వాత దీపం ఆరిపోవాలి.

దీపం అసలు వెలగకపోతే ముందు ఎం.సి.బి. పడిపోయిందేమో, ప్లగ్గు వదులైందేమో చూడండి. అవన్నీ బాగుంటే కటౌట్ ఎగిరిపోయి ఉండొచ్చు. దానికి చిన్న బొత్తాం ఉంటుంది, నొక్కితే మళ్లీ పనిచేస్తుంది. కానీ అది మూత లోపల ఉంటుంది కనుక మెయిన్ తీసి ఎలక్ట్రీషియనే నొక్కాలి. నొక్కిన రెండు రోజులకే మళ్లీ ఎగిరిందా, తప్పు కటౌట్‌ది కాదు. థర్మోస్టాట్ ఆపాల్సిన చోట ఆపడం లేదని అర్థం.

దీపం వెలుగుతూనే ఉండి నీళ్లు చల్లగానే ఉంటే కాయిల్ తెగిందేమో చూడాలి. అయిదు నిమిషాలకే దీపం ఆరిపోయి నీళ్లు గోరువెచ్చగా వస్తుంటే థర్మోస్టాట్ తొందరపడుతోందన్నమాట. గంటైనా దీపం ఆరక, నల్లాలోంచి ఆవిరి, సేఫ్టీ వాల్వ్ నుంచి వేడినీళ్ల చుక్కలు వస్తుంటే ఆ క్షణమే స్విచ్ కట్టేసి ఇంట్లోవాళ్లందరికీ చెప్పండి. నీళ్లు కారుతున్నాయని ఆ వాల్వ్‌కి గుడ్డ చుట్టేవాళ్లనూ బిరడా బిగించేవాళ్లనూ చూశాను. కుక్కర్ విజిల్‌కి బిరడా వేస్తామా చెప్పండి?

ఒక్కోసారి గీజర్‌ని ఊరికే ఆడిపోసుకుంటాం. చన్నీళ్లు, వేడినీళ్లు కలిపే మిక్సర్ పాడైతే లోపల రెండూ కలిసిపోయి గోరువెచ్చగానే వస్తాయి. వేడినీళ్ల వైపు మాత్రమే తిప్పి మొదటి మగ్గు చూస్తే తేలిపోతుంది. అలాగే ఓల్టేజీ. 230 ఓల్టులు ఉండాల్సింది 190కి పడిపోతే 2000 వాట్ల కాయిల్ 1400 వాట్ల కంటే తక్కువే పనిచేస్తుంది. 18 నిమిషాల పని 26, 27 నిమిషాలకు సాగుతుంది. గల్లీ అంతా ఒకేసారి గీజర్లు వేసుకునే చలికాలం పొద్దున ట్యూబులైటు మిణుకుమిణుకుమంటుంటే పాపం థర్మోస్టాట్‌ని అనకండి.

ఇప్పుడొచ్చే అంకెల గీజర్లలో ఇత్తడి కడ్డీకి బదులు మిరియమంత సెన్సర్ ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, దాన్నిబట్టి లోపలి బోర్డు లెక్క కట్టి అంకె చూపిస్తుంది. సెన్సర్ తీగ తెగినా, కనెక్టర్‌కి తడి తగిలి తుప్పు పట్టినా అంకె బదులు ఇంగ్లీషు అక్షరమో, పిచ్చి అంకో వస్తుంది. కాయిల్‌ని ఆపేస్తుంది కూడా. ఆ అక్షరానికి అర్థం కంపెనీకొకటి. అందుకే గీజర్‌తో వచ్చిన పుస్తకాన్ని పాత పేపర్లవాడికి వెయ్యకండి. బోర్డు మార్చాలని మెకానిక్ అనగానే తలూపకుండా, "ముందు సెన్సర్ చూశావా బాబూ?" అని అడగండి. బోర్డుతో పోలిస్తే సెన్సర్ చాలా చవక.

ఇంతకీ ఇవెందుకు పాడవుతాయి? మన నీళ్లే సగం కారణం. పాతబస్తీ తాతల కాలం నుంచి తాగింది గండిపేట నీళ్లు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో కట్టారు. నల్లా నీళ్లతో అంత పేచీ లేదు. రోజు విడిచి రోజు వచ్చే నల్లా చాలక బోరు నీళ్లు ట్యాంకుకి ఎక్కిస్తామే, అక్కడుంది చిక్కు. బోరు నీళ్లు కాచే గిన్నెకి అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, గీజర్‌లో కాయిల్‌కీ అంతే. ఆ సున్నం సెన్సర్ గొట్టాన్ని కప్పేస్తే వేడి ఆలస్యంగా తగులుతుంది, నీళ్లు అతిగా కాగుతాయి. మడ్డి పేరుకుని కాయిల్‌నీ సెన్సర్‌నీ కలిపి పూడ్చేస్తే ఆ చోటే వేడెక్కి దీపం ముందే ఆరుతుంది. మా గీజర్ విప్పినప్పుడు చాచా దోసెడు సున్నపు పెళ్లలు తీసి పాత పేపర్ మీద పోశాడు. బోరు నీళ్లు వాడేవాళ్లు ఏడాదికోసారైనా ఇది తీయించాలి. అప్పుడే లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగిపోయిందేమో కూడా చూడమనండి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగేది అదే.

మెకానిక్ మీటర్ పెట్టి చూపించకుండా "పోయింది" అంటే నమ్మకండి. కరెంటు తీసి, తీగలు విప్పి పెడితే 2000 వాట్ల కాయిల్ 26 ఓమ్‌ల దగ్గర చూపించాలి. ఏమీ చూపకపోతే తెగినట్టే. చల్లని థర్మోస్టాట్ దాదాపు సున్నా చూపించాలి. చూపకపోతే అది పోయినట్టే, మార్చాల్సిందే. పాతది తీసుకుని కోఠీ ట్రూప్‌బజార్‌కి వెళ్తే దానికి జత దొరుకుతుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు, ఆంపియర్లు, గొట్టం పొడవు సరిపోల్చుకోండి.

కరెంటు విషయంలో ధైర్యం చేసి ఆడవాళ్లమే మూత విప్పుదామని నేను చెప్పను. మగవాళ్లకీ చెప్పను. 2022 అక్టోబర్‌లో లంగర్‌హౌజ్‌లో ఓ యువ దంపతులు బాత్‌రూమ్‌లో గీజర్ షాక్‌కి ప్రాణాలు పోగొట్టుకున్న వార్త నగరమంతా చదివింది. నల్లా ముట్టుకుంటే జివ్వుమన్నా, ఎం.సి.బి. పదేపదే పడిపోతున్నా అది థర్మోస్టాట్ గొడవ కాదు, కాయిల్ చిట్లి నీళ్లలోకి కరెంటు దిగుతోందని అనుమానించాలి. పాత ఇళ్లలో మూడు కన్నాల ప్లగ్గు ఉంటుంది కానీ మూడోదానికి ఎర్త్ తీగే ఉండదు. ఇదొకటి తప్పకుండా చూపించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకుంటే కరెంటు లీకైన మరుక్షణం తెగిపోతుంది. స్నానానికి దిగే ముందు గీజర్ స్విచ్ కట్టేసే అలవాటు మాత్రం మానొద్దు.

డయల్ ఎంతలో పెట్టాలి? 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని సుమారు 5 సెకన్లలో కాల్చేస్తాయి, 70 డిగ్రీలైతే సెకను చాలు. పసిపిల్లలకి, ముసలివాళ్లకి అంతకన్నా ముందే. అలాగని మరీ తగ్గించి నిలవ ఉంచితే నీళ్లలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకని 60 దగ్గర పెట్టి, బకెట్లో ముందు చన్నీళ్లు, ఆ పైన వేడినీళ్లు పోయడం మేలు. పొరపాటున కాలితే నల్లా కింద 20 నిమిషాలు చన్నీళ్లు పారనివ్వాలి. టూత్‌పేస్టు, సిరా, కొబ్బరినూనె ఏదీ వద్దు. మేము ఆ రోజు కంగారులో అత్తమ్మ చేతికి పేస్టు పూశాం. డాక్టరమ్మ దాన్ని కడగడానికి పడ్డ పాట్లు, అత్తమ్మ పడ్డ బాధ చూసి బుద్ధొచ్చింది.

కొత్త థర్మోస్టాట్ వేశాక చాచా వెళ్లిపోలేదు. స్టూలు వేసుకుని కూర్చుని, టీ తాగుతూ ఎర్ర దీపాన్నే చూశాడు. పంతొమ్మిదో నిమిషంలో టిక్కుమని ఆరింది. అత్తమ్మ మాత్రం ఇప్పటికీ దీపం ఆరేదాకా బాత్‌రూమ్ గడప దగ్గరే నిలబడుతుంది.