పగటి జింక రాత్రి దొంగ ఎందుకయింది?

గరివిడి: మెట్టలో పెసర మొలకెత్తినా, మొక్కజొన్న లేతాకు వేసినా కొండవార రైతుకు కంటిమీద కునుకు ఉండదు. పందుల బెడద ఎలాగూ ఉన్నదే. అడవి దగ్గరగా ఉన్న ఊళ్లకు దానికి తోడు జింకల బెడద. పగలు ఒక్కటీ కనబడదు, చీకటి పడితే మాత్రం చేలో దిగుతుంది.

నిజానికి జింకలన్నీ రాత్రి తిరిగే జంతువులు కావు. కణుజు సంగతి వేరు, దానికి చీకటే ఇష్టం. చుక్కల దుప్పి మాత్రం ఎక్కువగా ఉదయం, సాయంత్రం మేస్తుంది. కృష్ణజింక అయితే బయలు నేలలో పట్టపగలే మేస్తుంది. మనిషి అలికిడి పెరిగిన చోట ఇవి వేళలు మార్చుకుంటున్నాయి. 2018లో అమెరికా శాస్త్రజ్ఞులు కొందరు ప్రపంచంలో పలుచోట్ల 62 రకాల జంతువుల మీద జరిగిన పరిశోధనలను పోల్చి చూశారు. సగం పగలు, సగం రాత్రి తిరిగే జంతువు మనుషులున్న చోట నూటికి 68 పాళ్లు రాత్రిపూటే తిరుగుతున్నదని లెక్క తేలింది. తుపాకీ పట్టిన వేటగాడనీ, దారిన పోయే మనిషనీ తేడా పెద్దగా లేదట. ఎవరిని చూసినా భయమే.

మన వైపు సంగతి చూడండి. గరివిడి, గర్భాం ప్రాంతం మాంగనీసు గనులకు పేరుపడినది. కొండ తవ్విన చోట, పోడు కొట్టిన చోట, తోటలు వేసిన చోట జంతువు తల దాచుకునే పొద పోతుంది. వేసవిలో గెడ్డలు ఎండితే నీళ్ల కోసం అది ఊరి చెరువు దారి పట్టక తప్పదు.

మరి మనిషిని చూసి బెదరని జింక లేదా అంటే, ఉన్నది. అదీ మనకు దగ్గరలోనే. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలోని గంజాం జిల్లా. మన వాళ్ల చుట్టరికాలు బరంపురం దాకా ఉన్నవే. ఆ జిల్లాలో ఆస్కా వైపు భేతనై, బాలిపదర్ గ్రామాల చుట్టూ కృష్ణజింకలు మందలు మందలుగా పగలే పొలాల్లో తిరుగుతాయి. పక్కన రైతు పని చేసుకుంటున్నా పరుగు తీయవు. జింక అడుగుపెట్టిన చేను పండుతుందని అక్కడి నమ్మకం. పూర్వం ఒక కరువులో జింకలు వచ్చాకే వాన కురిసిందని చెప్పుకుంటారు. తరతరాలుగా వాళ్లు కొట్టరు, వేటగాణ్ణి ఊరి పొలిమేరలోకి రానివ్వరు. 2011లో 2,194 ఉన్న జింకలు 2021 లెక్కల నాటికి 7,358 అయ్యాయి. మేసేది రైతు చేలోనే గనుక నష్టం అక్కడా ఉంటుంది. ఆ నష్టాన్ని ఓర్చుకోవడం అందరికీ సాధ్యం కాదు. తెలంగాణలో నారాయణపేట జిల్లా రైతులు ఇవే కృష్ణజింకలతో మొలకలు పోయి మొత్తుకుంటున్నారు. వారిని తప్పు పట్టలేము.

అతి చనువూ ప్రమాదమే. తిరుమల నడకదారిన వెళ్లిన వారికి తెలుసు, జింకలు మనిషి చేతిలోని కీరదోస ముక్క కోసం దగ్గరకు వచ్చేస్తాయి. జింక ఎక్కడ గుమికూడితే చిరుత అక్కడికి వస్తుంది. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకున్నది. ఆ తర్వాత దేవస్థానం వారు నడకదారిలో జంతువులకు తిండి పెట్టరాదని ఆంక్ష విధించారు.

ఇక ఊళ్లోకి జింక వచ్చినపుడు జరిగే తంతు. కుక్కలు తరుముతాయి, వాటి వెనుక కుర్రకారు కేకలు వేస్తూ పరుగు. జింక బావిలో పడుతుంది, లేదా అలిసి దొరుకుతుంది. ఒంటి మీద గాయం లేదు కదా, బతికింది అనుకుంటారు. కాని ప్రాణభయంతో విపరీతంగా పరుగెత్తిన జింకకు కండరాలు దెబ్బతిని, ఆ రోజో నాలుగు రోజులకో చచ్చిపోవడం పశువైద్యులకు బాగా తెలిసిన విషయమే. కనుక ముందు కుక్కలను కట్టేయాలి. జనం పక్కకు తప్పుకుని కొండవైపు దారి వదలాలి. ఎటూ పోలేని స్థితిలో ఉంటే కళ్లకు గుడ్డ కప్పి, సద్దు చేయకుండా, అటవీ శాఖ వారికి కబురు పెట్టాలి. గరివిడిలోనే పశువైద్య కళాశాల ఉండడం మన ప్రాంతానికి కలిసివచ్చిన విషయం.

పందుల కోసమని చేను చుట్టూ కరెంటు తీగ పెట్టేవారు కొందరున్నారు. ఆ తీగకు పంది, జింక, తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చే పక్క రైతు అనే తేడా లేదు. చేను పోయిన వారికి పరిహారం వేళకు అందితే ఈ తీగలు కొంతవరకైనా తగ్గుతాయని ఈ విలేఖరి అభిప్రాయం. చట్టం సంగతీ తెలిసి ఉండడం మంచిది. కృష్ణజింకను, కణుజును వేటాడితే 2022 సవరణ ప్రకారం మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. వేటాడిన వాడే కాదు, ఆ మాంసం కొన్నవాడూ కేసులో ఇరుక్కుంటాడు.