ఆతిథ్యమిచ్చిన ఇంటి పద్ధతే మొదటి పని

పరదేశంలో స్వచ్ఛంద సేవకు వెళ్లేవాళ్లు సాధారణంగా రెండింటికి సిద్ధపడతారు: చేయబోయే పనికి, మాట్లాడాల్సిన భాషకు. ఆ ఇంట్లో అన్నం ఏ వేళకు తింటారు, స్నానం ఎక్కడ చేస్తారు, తిన్న పళ్లెం ఎక్కడ పెట్టాలి అన్నవి చిల్లర సంగతులనీ, నాలుగు రోజులుంటే అవే అలవాటవుతాయనీ అనుకుంటారు. కానీ కొత్తచోట మనిషిని ముందుగా కుంగదీసేవి అవే. కలెర్వో ఒబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1960లో కల్చర్ షాక్ గురించి రాసిన వ్యాసంలో దాని లక్షణాలను పేర్కొన్నాడు. పదేపదే చేతులు కడుక్కోవడం, తాగే నీళ్ల గురించీ తిండి గురించీ గిన్నెల గురించీ పక్కబట్టల గురించీ అతిగా బెంగపడటం వాటిలో కొన్ని. ఇవన్నీ ఇంటి నాలుగు గోడల మధ్య పుట్టే దిగుళ్లే. అందుకే ఆతిథ్యమిచ్చిన ఇంటి దినచర్యను నేర్చుకోవడాన్ని సేవలో మొదటి భాగంగానే లెక్కించాలని నా వాదన.

అమెరికా ప్రభుత్వం 1961లో నెలకొల్పిన పీస్ కోర్ ఈ సంగతిని గుర్తించింది. సుమారు మూడు నెలల శిక్షణ, ఆపైన రెండేళ్ల సేవ, మొత్తం 27 నెలలు. శిక్షణ కాలంలో వలంటీర్లను స్థానిక కుటుంబాలతో ఉంచడం వాళ్ల పద్ధతి. 1962లో మొదలై, అంతర్యుద్ధం వల్ల 2004లో ఆగి, 2012లో తిరిగి ప్రారంభమైన నేపాల్ కార్యక్రమాన్నే చూద్దాం. అక్కడి పల్లెల్లో తెల్లవారగానే కడుపులో పడేది చియా, అంటే టీ. తొమ్మిది, పది గంటల వేళకు పప్పు, కూర, అన్నం కలిసిన దాల్ భాత్. మధ్యాహ్నం అటుకులో మొక్కజొన్న పేలాలో ఖాజాగా, అంటే చిరుతిండిగా తింటారు. చీకటి పడ్డాక మళ్లీ దాల్ భాత్. చాలాచోట్ల స్నానం ఊరి ధారా (నీటి కుళాయి) దగ్గర, పదిమంది కళ్ల ముందు, ఒంటికి బట్ట చుట్టుకునే చేయాలి. ఇక వాళ్లు జూఠో అనేది మన ఎంగిలే. తెలుగువాళ్లకు దాన్ని వివరించనక్కర్లేదు. కానీ తన కంచంలోంచి ఒక ముక్క తీసి పక్కవాళ్లకివ్వడం ఆప్యాయత అనుకునే అమెరికన్‌కు అది ఎంత పెద్ద తప్పో ఎవరో చెబితే తప్ప తెలియదు. సంప్రదాయం పాటించే ఇళ్లలో పొయ్యి దగ్గరికి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అన్నదానికీ కట్టుబాట్లుంటాయి.

ఈ పద్ధతుల వెనుక ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది. ఇంటి ఆడవాళ్లు పొద్దున్నే నీళ్లు మోయాలి, గేదెకు గడ్డి కోసుకురావాలి, పది గంటలకు తెరిచే బడికి పిల్లలు బయలుదేరేలోగా వండి పెట్టాలి. భోజనం తొమ్మిదింటికి ఎందుకో తెలిసిన వలంటీరు, పోషకాహారం మీద సమావేశాన్ని ఉదయం ఎనిమిదింటికి పెట్టడు. పెడితే వంట చేసే మనిషికి రావడానికి వీలుండదు. చాలా ఇళ్లలో కోడలు అందరికన్నా చివర తింటుందని పంక్తిలో కూర్చున్నవాడు గమనిస్తాడు. ఇంట్లో పప్పు, పాలు ఉన్నాయా అని అడిగే ప్రశ్నాపత్రం, అవి ఆ కోడలి కంచం దాకా వస్తున్నాయా అన్నది చెప్పదు. ఆకుకూరలను పులియబెట్టి ఎండబెట్టి గుండ్రుక్ ఎందుకు చేస్తారో తెలిసినవాడికి, తాజా కూరలు దొరకని నెలల్లో ఆ ఇల్లు ఎలా గడుస్తుందో కూడా తెలుస్తుంది. భాషయినా అంతే. ఆమా (అమ్మ), దిదీ (అక్క), భాయి (తమ్ముడు) అని ఎవరిని ఎప్పుడు పిలవాలో వంటింటి గుమ్మం దగ్గర పట్టుబడినంత త్వరగా తరగతి గదిలో పట్టుబడదు.

వెళ్లింది పని చేయడానికి, వేరే గది తీసుకుంటే సర్దుకుపోవడానికి పట్టే శక్తంతా పనికే మిగులుతుంది కదా అనవచ్చు. తలుపు వేసుకుని కాసేపు ఒంటరిగా ఉండే చోటు మనిషికి అవసరమే. నీళ్లు మరిగించుకుని తాగడం కూడా తప్పనిసరి. దినచర్యకు అలవాటుపడటమంటే ఆరోగ్యాన్ని పణంగా పెట్టడం కాదు. తనకేం కావాలో, ఎందుకు కావాలో ఇంటివాళ్లు నొచ్చుకోకుండా చెప్పడం కూడా అందులో భాగమే. దీనికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. అతిథి వల్ల పెరిగే చాకిరీ ఆ ఇంటి ఆడవాళ్ల మీదే పడుతుంది. సంస్థ ఇచ్చే డబ్బు కొంత ఊరట, అంతే. ఆ బరువు నిజంగా తగ్గాలంటే వలంటీరు తన పళ్లెం తాను కడగాలి, తన బట్టలు తాను ఉతుక్కోవాలి. అతిథి చేత పని చేయించడానికి వాళ్లు మొదట ఒప్పుకోరు. ఒప్పుకునేదాకా ఓపిగ్గా అడగాల్సిందే.

అన్నిటికన్నా కఠినమైన ప్రశ్న అన్యాయపు ఆచారాలది. పశ్చిమ నేపాల్‌లో నెలసరి వచ్చిన స్త్రీని పాకలో ఉంచే ఛౌపదీని అక్కడి సుప్రీంకోర్టు 2005లో దురాచారంగా తప్పుపట్టింది. 2017లో చేసిన చట్టం దాన్ని నేరంగా ప్రకటించింది. అయినా నెలసరి రోజుల్లో వంటగదిలోకి రానివ్వని ఇళ్లు, దళితులను గడప దాటనివ్వని ఇళ్లు ఉన్నాయి. వీటికీ తలవంచాలా? అక్కర్లేదు. భోజన వేళ, స్నానం చేసే చోటు, ఎంగిలి నియమం పాటిస్తే ఎవరికీ హాని లేదు. మనిషి ఒంటికో గౌరవానికో దెబ్బ తగిలే చోట వలంటీరు పాలుపంచుకోకూడదు. అయితే ఈ గీత ఎక్కడ గీయాలో తెలిసేది ఆ ఇంట్లో మెలిగిన తర్వాతే. వచ్చిన వారానికే తీర్పు చెప్పేవాడి మాట ఎవరూ వినరు. ఈ ఆచారాల మీద నేపాలీ స్త్రీలే పోరాడుతున్నారు. బయటివాడు చేయగలిగింది వాళ్లకు తోడుగా నిలవడం. ఆ తోడు కావాలో వద్దో తేల్చుకోవాల్సింది కూడా వాళ్లే.

విదేశీ సేవకు సిద్ధమవుతున్న తెలుగు యువతీయువకులు సంస్థను ఎంచుకునే ముందు కొన్ని ప్రశ్నలు అడగాలి. ఎవరి ఇంట్లో ఉంచుతారు, ఆ కుటుంబానికి ఎంత ఇస్తారు, వాళ్ల దినచర్య గురించి శిక్షణలో ఎన్ని రోజులు చెబుతారు, ఇబ్బంది వస్తే ఇల్లు మారే వీలుందా? వీటికి సూటిగా జవాబివ్వలేని సంస్థ, సేవ అందుకునే మనుషుల గురించి కూడా అంతగా ఆలోచించి ఉండదు. రెండు వారాలు వెళ్లి, తోటి వలంటీర్లతో హాస్టల్లో ఉండి వచ్చేవాళ్లు గోడలకు రంగు వేయగలరేమో. ఒక ఊరికి ఏం కావాలో తెలుసుకోవాలంటే మాత్రం ఆ ఊరివాళ్లు తినే వేళకు, వాళ్ల పక్కన కూర్చుని తినడం నేర్చుకోవాలి.