మీకు తెలుసా? మాట్లాడని సినిమా తీసిన మన సింగీతం!

హీరో నోరు విప్పడు. హీరోయిన్ పలకదు. విలన్ కూడా గప్‌చుప్! అయినా హాలంతా నవ్వులే నవ్వులు! అలాంటి సినిమా 1987లోనే వచ్చేసింది, తెలుసా? అదే 'పుష్పక విమానం'! తీసింది నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టిన మన సింగీతం శ్రీనివాసరావు!

మూకీ సినిమా అనుకుంటున్నారా? కానే కాదు! కారు హారన్లు వినిపిస్తాయి. తలుపుల చప్పుడు వినిపిస్తుంది. నేపథ్య సంగీతం ఉంది. మనుషుల మాటలే లేవు! 2 గంటలకు పైగా సాగే కథలో ఒక్క డైలాగంటే ఒక్కటి లేదు!

ఇందులో ఒక సీను తప్పక చెప్పాలి. నిరుద్యోగి కమల్‌హాసన్ తన ఇరుకు గదిలోంచి 5 నక్షత్రాల హోటల్‌కి చేరతాడు. మెత్తటి పరుపు, చల్లటి గది! నిద్ర మాత్రం రాదు! ఎందుకో ఊహించండి! ఇన్నాళ్లూ పక్కనున్న సినిమా హాలు గోల వింటూ పడుకున్నాడు మరి. ఇక్కడ ఆ గోల లేదు! ఏం చేశాడు? టేప్ రికార్డర్‌లో ఆ రణగొణధ్వని అంతా పట్టుకొచ్చాడు! హోటల్ గదిలో దాన్ని మోగించుకుంటూ హాయిగా నిద్రపోయాడు! పేదవాడి బతుకు గురించి పేజీల కొద్దీ డైలాగులు రాసినా ఇంత బాగా చెప్పగలమా? నా మటుకు నాకు మనవాళ్లు తీసిన గొప్ప సీన్లలో ఇదొకటి!

అదే సినిమాలో మంచుకత్తి గుర్తుందా? అవును, ఐసుతో చేసిన బాకు! పొడిచాక కరిగిపోతుంది. ఇక ఆయుధం ఎక్కడ దొరుకుతుంది? ఆ బాకు పట్టుకు తిరిగే హంతకుడి వేషం వేసింది టీనూ ఆనంద్. ఆయనెవరో తెలుసా? 1988లో అమితాబ్‌తో 'షహెన్‌షా' తీసిన దర్శకుడు! సింగీతమే తీసిన 'ఆదిత్య 369'లో టైమ్ మెషీన్ కనిపెట్టిన ప్రొఫెసర్ కూడా ఆయనే!

ఆ టైమ్ మెషీన్ దగ్గరికే వద్దాం! అది మనల్ని 1526కి తీసుకెళ్తుంది. శ్రీకృష్ణదేవరాయల కొలువులో దింపుతుంది. అక్కణ్ణుంచి ఎగిరి 2504లో వాలుతుంది! లెక్క వేశారా? మొత్తం 978 ఏళ్లు! ఒక్క టికెట్టు మీద! కంప్యూటర్ గ్రాఫిక్స్ మన సినిమాల్లోకి ఇంకా రాని 1991 అది. అప్పుడు ఇంత ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి!

ఇంకో ముచ్చట! 'ఆదిత్య 369'కి కెమెరామన్లు ఎందరో తెలుసా? ముగ్గురు! పి.సి. శ్రీరామ్ మొదలుపెట్టారు. మధ్యలో ఆయనకు ఆరోగ్యం బాగాలేకపోయింది. అప్పుడు రాయల కాలాన్ని వి.ఎస్.ఆర్. స్వామి, భవిష్యత్తును కబీర్ లాల్ తీశారు! ఒక్కో కాలానికి ఒక్కో కన్ను పడిందన్నమాట!

సింగీతం తీసిన 'విచిత్ర సోదరులు'లో మరుగుజ్జు అప్పు ఎలా పుట్టాడో తెలుసా? అది 1989! కంప్యూటర్ మాయ కాదు. కమల్ కాళ్లు వెనక్కి మడిచారు. మోకాళ్లకే ప్రత్యేకంగా చేయించిన బూట్లు తొడిగారు! మరి కెమెరా ఎదురుగా ఉన్నప్పుడు? నేలలో గుంత తవ్వారు! మోకాళ్ల దాకా అందులో నిలబెట్టారు! ఈసారి చూసినప్పుడు అప్పు నిలబడ్డ చోట నేలను గమనించండి. పట్టుకోగలరేమో చూద్దాం!

ఆ మరుసటి ఏడాదే 'మైఖేల్ మదన కామరాజు'! ఒకే కమల్, 4 వేషాలు! క్లైమాక్స్‌లో కొండ అంచున ఊగిసలాడే ఇంట్లో నలుగురూ ఉంటారు!

ఇది వింటే మాత్రం ఒళ్లు పులకరిస్తుంది. సుధాచంద్రన్ అనే అమ్మాయి బస్సు ప్రమాదంలో కుడికాలు పోగొట్టుకుంది. జైపూర్ కృత్రిమ కాలు పెట్టుకుని మళ్లీ గజ్జె కట్టింది! ఆమె కథతో సింగీతం 'మయూరి' తీశారు. మరి ఆమె వేషం ఎవరు వేశారు? ఆమే! తను పడ్డ కష్టాన్ని తనే కెమెరా ముందు మళ్లీ బతికింది! ఆ సినిమాకు వచ్చిన నంది అవార్డులు ఎన్నో తెలుసా? 14!

'అమెరికా అమ్మాయి' చూశారా? 1976లో సింగీతం తీసిన సినిమా. అందులో తెల్లదొరసాని కోడలిగా వేసింది ఎవరో తెలుసా? దేవయాని! పేరు మనది, పుట్టింది ఫ్రాన్స్‌లో! భరతనాట్యం మీద మక్కువతో మన దేశానికి వచ్చిన కళాకారిణి!

శవం నవ్వించగలదా? నాగేశ్ నవ్వించారు! 'ఆడవాళ్లకు మాత్రమే' సినిమాలో ఆయనది శవం వేషం! కదలడు, మెదలడు, జనం మాత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. 1994లో వచ్చిందది. అదే ఏడాది సింగీతం 'భైరవద్వీపం' కూడా ఇచ్చారు! అందాల రాకుమారుడు బాలకృష్ణకు శాపం తగిలి కురూపి అయిపోతాడు. స్టార్ హీరోను అలా చూపించడానికి గుండెలు కావాలి సుమా!

కన్నడంలో ఆయన ఇంకా పెద్దవాడు! రాజ్‌కుమార్‌తో వరసగా హిట్లు తీశారు. రాజ్‌కుమార్ కొడుకు శివరాజ్‌కుమార్‌ని హీరోగా పరిచయం చేసిందీ ఆయనే, 1986లో 'ఆనంద్'తో!

మరి సంగీత దర్శకుడు సింగీతం మీకు తెలుసా? అవును, ఆయన పాటలకు బాణీలు కూడా కడతారు! 1988లో వచ్చిన కన్నడ చిత్రం 'సంయుక్త'కు సంగీతం ఆయనదే! ఆ సినిమాకు దర్శకుడు వేరొకరు!

'మాయాబజార్'లో కె.వి. రెడ్డి దగ్గర పనిచేసిన కుర్రాడు కూడా ఈయనే! ఆ ఘటోత్కచుడు ఆయన్ని వదల్లేదు చూడండి!  తర్వాత అదే ఘటోత్కచుణ్ణి చిన్నారిని చేసి యానిమేషన్ సినిమా తీశారు! అది వచ్చింది 2008లో. 'మాయాబజార్' వచ్చిన 51 ఏళ్లకు!

ఇక ఆగిపోయి ఉంటారనుకున్నారా? 'కల్కి 2898 ఏడీ' విడుదలైనప్పుడు ఆయన వయసు 92! ఆ సినిమాకు మార్గదర్శి ఆయనే! 'ఆదిత్య 369' చూపించిన మనిషి సలహా లేకుండా భవిష్యత్తులోకి వెళ్లడం దేనికని దర్శకుడు నాగ్ అశ్విన్ ముందే ఆయన్ని పిలిచి కూర్చోబెట్టుకున్నారు!

మీ మనవలు అమెరికాలో ఉన్నారా? తెలుగు రాదంటున్నారా? ఈ సెలవులకు వచ్చినప్పుడు 'పుష్పక విమానం' పెట్టండి! సబ్‌టైటిల్స్ అక్కర్లేదు. మీరు అర్థం చెప్పనక్కర్లేదు. మీరూ వాళ్లూ ఒకేచోట నవ్వుతారు, చూడండి!