మూసిన కమానులు

గోడను జూచి ఒక గ్రామము పెరిగినదో తరిగినదో చెప్పవచ్చునా? చెప్పవచ్చునని మా నమ్మకము. ఇంగ్లండునందలి యార్క్‌షైర్ ప్రాంతమున హ్వారమ్ పెర్సీ యను పాడుపడిన పల్లె యున్నది. అందలి సెయింట్ మార్టిన్ చర్చియే యిందుకు సాక్ష్యము.

10వ శతాబ్దిలో అది చిన్న కొయ్య కట్టడము. పిదప రాతికట్టడమైనది. 12వ శతాబ్ది మొదలు ఊరు పెరుగుటచే, జనము పట్టుటకై ప్రక్కగోడలను దొలిచి, కమానులు నిలిపి, వాని కావల నడవలు చేర్చిరి. 14వ శతాబ్దిలో మహామారి వచ్చెను. ఆపై భూస్వాములకు పంటకంటె గొఱ్ఱెల ఉన్ని లాభకరమయ్యెను. సుమారు 1500 నాటికి తుది కుటుంబములును వెడలిపోయినవి. జనము తగ్గిన కొలది నడవలను పడగొట్టి, కమానులను రాళ్లతో మూసివేసిరి.

పొరుగు పల్లెవారి కొఱకు చర్చి మాత్రము నిలిచెను. 1949లో అందు కడపటి ప్రార్థన జరిగెను. 1959లో గాలివానకు గోపురము కొంత కూలెను. బెరెస్‌ఫర్డ్, హర్స్ట్ అను పండితుల నాయకత్వమున 1950 నుండి 1990 వరకు జరిగిన త్రవ్వకములు ఈ చరిత్రను వెలికిదీసినవి.

నేడును ఆ మొండిగోడలో మూసిన కమానుల గుఱుతులు కనబడుచున్నవి. తమ కథ వ్రాసికొనని రైతులకు అవియే శాసనములని మేము తలంచుచున్నాము.