రేడియోతో నడుచు చిన్నబండి

1898వ సంవత్సరమున నికోలా టెస్లా న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెనునందు ఒక చిన్న పడవను నీటిపై తేల్చి, తీగ లేకుండ దూరమునుండి నడిపి చూపెను. ఆనాటి ఆ వింత నేడు ఎలక్ట్రానిక్సుపై మక్కువగల విద్యార్థి తన బల్లమీదనే చేసికొనదగిన పనియైనది. మన ఇంటి రేడియో అలలనుండి పాటను వేరుచేసి వినిపించును. ఈ బండిలోని రేడియో ఆజ్ఞను వేరుచేసి చక్రములకు అందించును.

బండికి రెండు గేరుమోటారులు, రెండు చక్రములు, ముందుభాగమున ఏ దిక్కునకైనను తిరుగు చిన్నచక్ర మొకటి, బ్యాటరీలు చాలును. మలుపునకు వేరు ఏర్పాటు అక్కరలేదు. జోడెద్దులలో ఒకదానిని నిలిపి రెండవదానిని అదలించినచో బండి నిలిచిన ఎద్దువైపునకు తిరుగును గదా! ఇచ్చటను అంతియే.

మీటల పెట్టెలో హెచ్‌టీ12ఇ అను ఐసీయు, 433 మెగాహెర్ట్‌జుల ట్రాన్స్‌మిటరును ఉండును. బండిలో అందుకు తగిన రిసీవరును, హెచ్‌టీ12డి అను ఐసీయు ఉండును. ఏరియలుగా సుమారు 17 సెంటీమీటర్ల తీగ చాలును. అది అలపొడవులో నాలుగవ వంతు. ప్రతి ఆజ్ఞతోను 8 బిట్ల చిరునామా పోవును. 256 చిరునామాలలో మన మెన్నుకొన్నదే ఇరువైపులను అమర్చవలెను. పొరుగింటి పిల్లవాని ఆజ్ఞకు మన బండి లోబడకుండుట ఇందువలననే. హెచ్‌టీ12డి వచ్చిన సంకేతమును మూడుమార్లు సరిచూచి, నాలుగు బిట్ల ఆజ్ఞను ఎల్293డి అను ఐసీకి ఒప్పగించును. మోటారులకు వలసిన కరెంటును ఇచ్చునది ఈ కడపటిదే.

చిక్కంతయు ఇచ్చటనే కలదు. హెచ్‌టీ12డి తనకందిన చివరి ఆజ్ఞను విడువదు. బండి గోడచాటునకు పోయి అల తెగినను, పెట్టెలోని బ్యాటరీ అయిపోయినను, ‘ముందుకు’ అను మాటనే పట్టుకొని యుండును. బండి మెట్లపైనుండి దొరలిపడవచ్చును. కొంచెము బరువైనదైనచో పసివాని కాలిని గాయపరుపవచ్చును. బొమ్మయే గదా యని ఉపేక్షింపరాదు.

ఉపాయము సులభము. ఆ ఐసీ 17వ పిన్నులో, సరియైన సంకేతము వచ్చుచున్నంతవరకే వోల్టేజి ఉండును. దానిని ఎల్293డి యొక్క 1, 9 పిన్నులకు కలుపవలెను. అవి మోటారులకు ద్వారపాలకులవంటివి. అల ఆగగానే కరెంటును ఆపివేయును. పెక్కు సర్క్యూటు పటములలో ఈ పిన్నులను నేరుగా 5 వోల్టులకు కలిపియుందురు. మే మా పద్ధతిని మెచ్చము. పెట్టెవైపున హెచ్‌టీ12ఇ యొక్క 14వ పిన్నును గ్రౌండునకు కలిపియుంచినచో, మీట వదలినను ‘ఆగుము’ అను ఆజ్ఞ ఎడతెగక పోవుచుండును.

ఇంకొక మాట. మిక్సీ తిరుగునపుడు రేడియోలో గరగర వచ్చుట మన మెరిగినదే. బండి మోటారులును తమ రిసీవరును అట్లే బాధించును. ప్రతి మోటారు కొసల నడుమ 0.1 మైక్రోఫారడు సిరామిక్ కెపాసిటరు నొకదానిని అతుకవలెను.

నేలపై విడుచుటకు ముందు బండిని ఇటుకపై నిలిపి, చక్రములు గాలిలో తిరుగుచుండగా పెట్టె స్విచ్చిని ఆపి చూడుడు. చక్రములు వెంటనే నెమ్మదింపకున్నచో 17వ పిన్ను అతుకును మరల పరీక్షింపుడు.