అడ్డపొగ వదిలిన నోరు

ఉత్తరాంధ్ర తీరగ్రామాల్లో, ముఖ్యంగా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల్లో, చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే ఆడవాళ్లు తరతరాలుగా ఉన్నారు. దీన్నే అడ్డపొగ అంటారు. ఇలా కాలిస్తే తీరపు గాలికి చుట్ట ఆరిపోదు. చేతులు తడిగా ఉన్నా, నాట్లు వేస్తున్నా, చేపలు ఎండబెడుతున్నా పని ఆగదు. పెదాల తడికి ఒక్క చుట్టే చాలాసేపు వస్తుంది. అమ్మను, అమ్మమ్మను, అత్తను చూసి నేర్చుకున్న అలవాటు ఇది. పొగాకు గురించి మనం గోడలమీద రాసే హెచ్చరికలన్నీ సిగరెట్ పట్టుకున్న మగవాణ్ణి ఊహించుకుని రాసినవే. అడ్డపొగ కాల్చే అరవై ఏళ్ల అవ్వను ఉద్దేశించి రాసినవి చాలా తక్కువ.

క్యాన్సర్ శాస్త్రం ఈ అలవాటునుంచి ఎంతో నేర్చుకుంది. మన దేశంలో నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపల, చిగుళ్లమీద, నాలుక అంచున వస్తుంది. ఖైనీ, గుట్కా, వక్క ఎక్కడ అదిమిపెట్టుకుంటారో అక్కడే అది మొదలవుతుంది. నోటి పైకప్పులా ఉండే గట్టి అంగిలిమీద క్యాన్సర్ రావడం మామూలుగా అరుదు. అడ్డపొగ ఉన్న ఊళ్లలో మాత్రం అది అరుదు కాదు. కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కూ నిప్పు లోపల పెట్టుకుని కాల్చడానికీ ఉన్న సంబంధాన్ని మన పరిశోధకులు 1957లోనే ప్రచురించారు. ఆ తర్వాత డెన్మార్క్ నోటి వ్యాధుల శాస్త్రవేత్త జెన్స్ పిండ్‌బోర్గ్, ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫాలీ మెహతా, ప్రకాశ్ గుప్తా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్లు పరీక్షించారు. వారిలో 43.8 శాతం మంది అడ్డపొగ కాల్చేవారే. ఆ వివరాలు 1971లో వెలువడ్డాయి.

అంగిలినే ఎందుకు పట్టుకుంటుంది? అడ్డపొగ కాల్చేటప్పుడు నోటి లోపలి గాలి వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుందని, అంగిలి పైపొర 58 డిగ్రీలకు చేరుతుందని కొలతలు చెబుతున్నాయి. రోజూ కాలిన పొరను బాగుచేసుకోవడానికి అక్కడి కణాలు మళ్లీ మళ్లీ విభజన చెందుతాయి. సరిగ్గా ఆ సమయంలోనే పొగలోని నైట్రోసమైన్లు, తారులోని రసాయనాలు కణాల డీఎన్ఏకి అతుక్కుంటాయి. విభజన ఎంత ఎక్కువైతే, దెబ్బతిన్న డీఎన్ఏ రాత తప్పులతో సహా తర్వాతి కణాలకు పోయే అవకాశం అంత ఎక్కువ. పైపు కాల్చేవారిలోనూ అంగిలి తెల్లబడుతుంది కానీ అది క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. అదే తెలుపు అడ్డపొగ నోట్లో కనిపిస్తే ప్రమాద సూచన కిందే లెక్క. పొగకు నిప్పు కూడా తోడవడమే ఇక్కడి తేడా.

నా దృష్టిలో ఈ కథలో ముఖ్యమైన మాట ఒకటుంది. ఈ జబ్బు దాక్కుని పెరగదు. క్లోమంలోనో అండాశయంలోనో పుట్టే క్యాన్సర్ కంటికి కనబడదు. అంగిలి మార్పు మాత్రం నోరు తెరిచి, తల వెనక్కి వాల్చి, టార్చి వేస్తే కనిపిస్తుంది. అంగిలి మందమై బూడిద తెలుపుకు తిరుగుతుంది. ఆ తెలుపులో చిన్న చిన్న ఎర్ర చుక్కలు లేస్తాయి. అవి వాచిన లాలాజల గ్రంథుల నోళ్లు. కొన్నిచోట్ల సహజమైన రంగు పోతుంది, కొన్నిచోట్ల నల్లబడుతుంది. ఎర్రటి మచ్చ తెల్లమచ్చకంటే ప్రమాదకరం. రెండు వారాలు దాటినా మానని పుండు, ముట్టుకుంటే రక్తం కారే చోటు, మెడలో గట్టి గడ్డ ఉంటే ఇక ఆలోచించకూడదు. ఇవి చాలావరకు నొప్పి లేకుండా వస్తాయి. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే ఇక్కడ ఎక్కువ ప్రాణాలు తీస్తోంది.

చూడటానికి పెద్ద డాక్టరే రావాలా? అక్కర్లేదు. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన పరిశోధన దీన్ని రుజువు చేసింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, మూడేళ్లకోసారి నోళ్లు చూశారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గినట్టు 2005లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఇప్పుడు మన ప్రభుత్వ కార్యక్రమంలో కూడా 30 ఏళ్లు దాటిన వారందరికీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల తొలి పరీక్ష ఉంది. ఆశా కార్యకర్తను, ఏఎన్ఎమ్మును అడిగితే చాలు.

ఇక మానడం సంగతి. పిండ్‌బోర్గ్ బృందం అధ్యయనం తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36 వేలమందికి పైగా పొగాకు వాడేవారితో మరో పని జరిగింది. ఇంటింటికీ తిరిగి మానమని చెప్పడం, సినిమాలు చూపించడం, నోరు పరీక్షించినప్పుడల్లా అక్కడ ఏం మారుతోందో వివరించడం. మానినవారిలో, బాగా తగ్గించినవారిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గాయి. యాభై ఏళ్ల అలవాటు, ఇప్పుడు మానితే ఏం లాభం అనే అవ్వకు ఇదే జవాబు. పొగతాగడం మానిన 5-10 ఏళ్లలో నోటి క్యాన్సర్ అదనపు ముప్పు సగానికి తగ్గుతుందని అంచనా.

మొదటి వారం కష్టం. చిరాకు, నిద్ర పట్టకపోవడం, నోరు ఊరుకోలేకపోవడం ఉంటాయి. నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు తిట్టడం పనికిరాదు. సోంపు, జీలకర్ర, ఒక ఉసిరి ముక్క దగ్గర పెట్టుకోవచ్చు. చుట్ట మాని ఖైనీకో, పళ్లకు రుద్దే పొగాకుకో మారితే మానినట్టు కాదు. అవీ క్యాన్సర్ కారకాలే. పొగాకు లేకపోయినా వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. సారా, కల్లు పొగాకుతో కలిస్తే ముప్పు విడివిడిగా ఉన్నదాన్ని కూడితే వచ్చేదానికంటే ఎక్కువవుతుంది. కావాలంటే 1800-11-2356 కి ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. పెరట్లోని మునగాకు, తోటకూర, జామ, బొప్పాయి రోజూ తింటే మేలు. కానీ అవి పొగాకుకు విరుగుడు కావు.

జబ్బు బయటపడ్డాక పల్లెల్లో ఇంకో ఆటంకం ఎదురవుతుంది. కత్తి తగిలితే పాకిపోతుందనే భయం. ముక్క పరీక్ష (బయాప్సీ) వల్ల క్యాన్సర్ పాకదు. పరీక్ష లేకుండా నెలల తరబడి పసరు పూస్తూ కూర్చుంటేనే పాకే ప్రమాదం. ఇది అంటువ్యాధీ కాదు, విడి కంచం అక్కర్లేదు. విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, కేజీహెచ్ ఉన్నాయి. ఆరోగ్యశ్రీ తరహా పథకాల కింద క్యాన్సర్ చికిత్స లభిస్తుంది.

చికిత్స పూర్తయి ఇంటికి వచ్చాక ఏం చేయాలో చెప్పేవారు తక్కువ. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తున్నాను. మొదటిది మళ్లీ చుట్ట ముట్టకపోవడం. ఒకచోట పుండు తీసేసినా నోరంతా అదే పొగలో నానిన నోరే. రెండో క్యాన్సర్ మరోచోట పుట్టే ముప్పు ఉంటుంది, పొగాకు కొనసాగితే అది పెరుగుతుంది.

కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నవారికి లాలాజలం తగ్గుతుంది. తడి లేని నోట్లో పళ్లు తొందరగా పుచ్చుతాయి. లీటరు నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి. ఫ్లోరైడ్ పేస్టు వాడాలి. పన్ను పీకించుకోవాల్సి వస్తే కరెంటు పెట్టిన సంగతి దంతవైద్యుడికి ముందే చెప్పాలి, లేకపోతే దవడ ఎముక కుళ్లిపోయే ప్రమాదం ఉంది. ఈ ఒక్కమాట తెలియక బాధపడినవారు ఎందరో.

దవడ బిగుసుకుపోవడం మరో సమస్య. మామూలుగా నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య 35 మిల్లీమీటర్లకంటే తక్కువ తెరుచుకుంటే బిగిసినట్టే. నోరు తెరవడం, మూయడం, దవడను అటూ ఇటూ కదపడం ఫిజియోథెరపిస్టు చూపినట్టు రోజూ చాలాసార్లు చేయాలి, నెలల తరబడి చేయాలి. మెడ గడ్డలు తీసినవారికి భుజం పట్టేస్తుంది, చేయి పైకెత్తే వ్యాయామం ఆపకూడదు.

తిండిలో కారం, పులుపు, పచ్చళ్లు కొన్నాళ్లు పక్కన పెట్టి, రాగిజావ, మెత్తగా కలిపిన పప్పన్నం, గుడ్డు, పెరుగు, పులుసు పెట్టకుండా ఉడికించిన చేప తినాలి. బరువు తగ్గకుండా చూసుకోవడమే అప్పటి లక్ష్యం. పథ్యం పేరుతో పాలు, గుడ్లు ఆపేయడం నష్టం. నీరసం ఉన్నా ఉదయం, సాయంత్రం నడవాలి. కదలిక నీరసాన్ని తగ్గిస్తుందని పరిశోధనలు తేల్చాయి. పొలం పనికి మాత్రం వైద్యుడు చెప్పాకే వెళ్లాలి.

మొదటి రెండేళ్లలో తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి పరీక్షకు వెళ్లాలి, తర్వాత వ్యవధి పెంచుకుంటూ పోవాలి. మెడకు కరెంటు పెట్టినవారు ఏడాదికోసారైనా థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. బస్సు ఛార్జీలు లేక, కూలి పోతుందని, తోడొచ్చేవారు లేక ఈ రాకపోకలు ఆగిపోతున్నాయి. పంచాయతీలు, మహిళా సంఘాలు కనీసం ప్రయాణానికి ఏర్పాటు చేయగలవు, చేయాలి.

మీ ఇంట్లో, మీ వీధిలో అడ్డపొగ కాల్చే పెద్దమ్మ, అవ్వ, నానమ్మ ఉంటే ఈ వారమే ఆమెను పగటి వెలుగులో కూర్చోబెట్టి, టార్చి వేసి అంగిలి చూడండి. తెల్లగా, ఎర్రగా, పుండుగా ఏమున్నా అదే వారంలో ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏమీ లేకపోతే చుట్ట మానడానికి తోడుండండి.